పెనుకొండలో బాలరాజు



పెనుకొండ దుర్గమును చూడనివారు మన సీమలో అరుదు. గగనమహలు చూచి వచ్చినవారు రాయల వైభవమును తలచుకొందురు. కాని ఆ దుర్గముననే, తండ్రి విడిచిన రాజ్యమునకు పేరుమాత్రపు ప్రభువై యొక బాలుడు పెరిగి, తుదకు ప్రాణములు కోలుపోయెను. ఆ తండ్రి చరిత్రమును, ఆతని వారసత్వము పొందిన గతియును నేడు విన్నవింతును.

ఆ తండ్రి సాళువ నరసింహుడు. సాళువవారు విజయనగర రాయలను కొలిచిన సామంతులు. ఆ వంశమువాడగు సాళువ మంగు కంపరాయలతో గూడ మధుర దండయాత్రకు వెడలిన వీరుడు. నరసింహుడు చంద్రగిరి నేలుచు, తూర్పుతీరమున గజపతుల నెదిరించెను. తిరుమలలో ధర్మకార్యములు నెలకొల్పెను. పిల్లలమఱ్ఱి పినవీరభద్రునిచే జైమినిభారతమును అంకితముగొనెను. 1485లో విరూపాక్షరాయలు కన్నకొడుకు చేతనే హతుడు కాగా, నరసింహుని సేనాని తుళువ నరసనాయకుడు రాజధానిని పట్టి, తన యేలికకు సింహాసనము నొప్పగించెను.

రాజ్యము చేతికి వచ్చెనే కాని స్థిరపడలేదు. ఉదయగిరి యొద్ద నరసింహుడు గజపతికి చిక్కి, ఆ దుర్గమును విడిచి విడుదల పొందవలసివచ్చెను. 1491లో ఆతడు మరణించునాటికి కొడుకులిద్దరును పసివారు. అవసానకాలమున నరసనాయకుని పిలిచి, బిడ్డలను రాజ్యమును అప్పగించి, రాయచూరు, ఉదయగిరి మొదలగు దుర్గములను సాధింపుమని కోరెనని పోర్చుగీసు వర్తకుడగు న్యూనిజు వ్రాసియున్నాడు.

పెద్దవాడు కొలదికాలముననే హతుడయ్యెను. రెండవవాడగు ఇమ్మడి నరసింహుడు రాజయ్యెను. శాసనములలో పేరు బాలునిది, అధికారము నరసనాయకునిది. బాలుని పెనుకొండలో కావలియందుంచి, నాయకుడు రాజ్యమును గట్టిగానే కాపాడెను. 1503లో నాయకుడు గతింపగా, ఆ యధికారము ఆతని కుమారుడగు వీరనరసింహునికి సంక్రమించెను. 1505లో ఇమ్మడి నరసింహుడు పెనుకొండలో హత్యగావింపబడెను. సింహాసనము వీరనరసింహునిదయ్యెను.

పసివాని చేతిలో రాజ్యము నిలువదు గదా యని కొందరందురు. నిజమే. కాని పదునాలుగేండ్లు గడచిన పిమ్మటను పసివాడు పసివాడేనా? అప్పగింతలు రెండు. దుర్గముల మాటను నరసనాయకుని మఱియొక కుమారుడగు శ్రీకృష్ణదేవరాయలు చెల్లించెను. 1514లో ఉదయగిరిని, 1520లో రాయచూరును సాధించెను. బిడ్డల మాట మాత్రము ఎవరును చెల్లింపలేదు. రాయల కీర్తి యెంత గొప్పదైనను ఆ బాకీ తీరునది కాదు.

అయ్యలారా, ఇది రాజుల కథ మాత్రమే కాదు. వాన కరవైన మన మెట్టసీమలో తండ్రిలేని బిడ్డకు బావిక్రింద రెండెకరములున్న చాలును, చుట్టములకు ప్రేమ పుట్టుకొనివచ్చును. 1956 నాటి హిందూ మైనారిటీ చట్టము ప్రకారము, మైనరు స్వంత స్థిరాస్తిని కోర్టు అనుమతి లేక కన్నతండ్రియైనను అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. కాని చట్టము ఊరిలో లేదు. ఊరిలో నుండువారు మీరు. సంరక్షకుని నియమించునాడే ఆస్తిపట్టిక వ్రాయింపుడు. ఏటేట పంట లెక్క పదిమందిలో చదివింపుడు. పిల్లవానికి పదునెనిమిదేండ్లు నిండిన నాడు పత్రములను ఆతని చేతికిప్పింపుడు.

కాపాడుట సగము ధర్మము. తిరిగి యిచ్చుట తక్కిన సగము.