కొండ దిగిన కాళ్లు - చేపనూనె గోళీలు



మన సంఘం వారు అరకు యాత్ర జరిపించిన సంగతి మీకు తెలిసినదే. బొర్రా గుహల మెట్లు దిగి ఎక్కిన మర్నాటి నుంచి చాలామందికి తొడలు, పిక్కలు పట్టేశాయి. ఆ వారంలోనే కొందరు మిత్రులు చేపనూనె గోళీల డబ్బాలు కొన్నారు. కసరత్తు చేసేవాళ్లు వేసుకుంటారని పిల్లలు చెప్పారట. పింఛను డబ్బుతో కొనే వస్తువు గనుక దాని పద్దు ఒకసారి సరిచూడాలనిపించింది. నేను వైద్యుణ్ణి కాను, గుమాస్తాను.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గాని, నొప్పి పెట్టేది దిగుడే. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువు ఆపాలి. అందువల్ల కండరపు పోగులు కొద్దిగా చెదురుతాయి. ఆ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదిరి, సాధారణంగా వారంలోపు తనంతట తానే పోతుంది. గోళీలు మొదలుపెట్టిన నాలుగోనాటికి తగ్గిందంటే ఆ ఘనత డబ్బాది కాదు.

చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వులకు వాపును కొంత తగ్గించే గుణం ఉన్నమాట నిజమే. కసరత్తు నొప్పిపై జరిగిన పరీక్షలలో కొన్నిటిలో నొప్పి కాస్త తగ్గింది, కొన్నిటిలో తేడా లేదు. తగ్గినచోట కూడా చాలావరకు వారాల ముందు నుంచి వాడారు. ఇక మోతాదు చూడండి. 1000 మిల్లీగ్రాముల మామూలు గోళీలో అసలు సరుకు 300 మిల్లీగ్రాములే. పరీక్షల్లో తరచు రోజుకు 2, 3 గ్రాములు ఇచ్చారు. ఆ లెక్కన రోజుకు ఏడు నుంచి పది గోళీలు! మన చిన్నప్పుడు ముక్కు మూసి తాగించిన కాడ్ లివర్ ఆయిల్ వేరు. అది చేప కాలేయపు నూనె, ఎక్కువైతే అందులోని ఎ విటమిన్ హాని చేస్తుంది.

1970లలో ఏజెన్సీలో పనిచేసినప్పుడు ఫైళ్లు చంకన పెట్టుకుని గూడేలకు నడిచేవాళ్లం. కావిడితో సంతకు దిగిన గిరిజనులు సాయంత్రం మళ్లీ కొండెక్కేవారు. తిన్నది చోడి అంబలి, వలిసె నూనె, సంతలో దొరికితే ఎండు చేప. వలిసె నూనెలో ఎక్కువగా ఉండేది ఒమేగా-6, మూడు కాదు. వాళ్ల కాళ్లకు దిగుడు అలవాటు, అంతే. ఒకసారి నొచ్చిన కండరం కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా నొవ్వదని పరీక్షల్లోనూ తేలింది. చేపలు తినేవారికి విశాఖ రేవుకు వచ్చే కవళ్లు, కానాగంతలు ఉండనే ఉన్నాయి. వాటిలో ఒమేగా-3తో పాటు మాంసకృత్తులూ దొరుకుతాయి.

నా అసలు భయం వేరు. రక్తం పలచబరిచే మాత్ర వాడే మిత్రుడొకరు వైద్యునికి చెప్పకుండానే రోజుకు ఎనిమిది గోళీలు మొదలుపెట్టారు. పెద్ద మోతాదుల వల్ల కొందరికి గుండె లయ తప్పడం పెద్ద పరీక్షలలోనే కనిపించింది. వారిని డబ్బాతో సహా డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లాము. ఇంకొక మనవి. కొలెస్ట్రాల్ మాత్రల వల్ల కూడా కండరాల నొప్పులు రావచ్చు. నొప్పితో పాటు మూత్రం డికాక్షన్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

వచ్చే శీతాకాలం మళ్లీ అరకు ప్రయాణం ఉందని కార్యదర్శి గారు అంటున్నారు. వచ్చేవారు నెల ముందు నుంచి, కమ్మీ పట్టుకుని, రోజూ కొన్ని మెట్లు దిగడం మొదలుపెట్టండి. మోకాళ్ల బాధ ఉన్నవారు డాక్టరును అడిగి చేయండి. పేర్లు కార్యదర్శి గారి వద్ద నమోదు చేయించుకోగలరు. సెలవు.