కొలిచిన పిమ్మటనే సంతకము

(కడత్తూరు తెలుగువారి సమావేశమున, మందుల కర్మాగారమునందు క్రొత్తగా చేరిన యువకుడొకడు చేసిన ప్రసంగ పాఠము)



నేను మందుల కర్మాగారమున చేరి ఆరు మాసములైనది. అచ్చటి పని యెట్టిదో చెప్పుమని సంఘమువారు కోరినారు.

మొదటి దినములలో మమ్ము యంత్రముల నంటనీయలేదు. ఉంగరము, గడియారము తీసివేయుట, పాదరక్షలు మార్చుట, తల కప్పుకొనుట నేర్పిరి. పిమ్మట వ్రాత నేర్పిరి. ప్రతి పనిని చేసిన వెంటనే పుస్తకమున వ్రాయవలెను. అంకె తప్పినచో చెరిపివేయరాదు. దానిపై ఒక్క గీత గీసి, సరియైన అంకెను ప్రక్కన వేసి, తేదీతో సంతకము చేయవలెను. ఒకరు తూచుచుండగా మరియొకరు చూచి సంతకము చేయవలెను. క్రొత్తగా వచ్చిన ముడిసరకు పీపాను పరీక్ష ముగియువరకు వేరుగా నుంచవలెను. వ్రాయని పని చేయని పనితో సమానమని అచ్చట అందరును చెప్పుదురు.

ఇంత కట్టుబాటు ఏల? 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అను మందును డైఎథిలీన్ గ్లైకాల్ అను ద్రవమున కరిగించి అమ్మిరి. అది తియ్యగా నుండును. కాని మూత్రపిండములను చెరచును. ఆ ద్రవము విషమగునా యని తయారుచేసినవారు ముందుగా పరీక్షింపలేదు. నూరుమందికి పైగా మరణించిరి. ఆ దుఃఖమునుండియే అచ్చట 1938 నాటి ఔషధ చట్టము పుట్టినది.

ఇది పాత కథ యని అనుకొనరాదు. 2025లో మన తమిళనాటనే, కాంచీపురము జిల్లాలో తయారైన దగ్గుమందు త్రాగి మధ్యప్రదేశమున ఇరువదిమందికి పైగా పసిపిల్లలు కన్నుమూసిరి. అందులో ఆ విషమే నూటికి 48.6 పాళ్లున్నట్లు మన రాష్ట్ర ప్రభుత్వ పరీక్షలో తేలినది. ఉండదగిన మితి 0.1 పాలు మాత్రమే. పీపా వచ్చిననాడే పరీక్షించియున్నచో ఆ బిడ్డలు బ్రతికియుందురు.

సరిగా కొలుచుట యెంత గొప్ప పనియో మన తెలుగువాడే చూపినాడు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డులో ఫిస్క్ పండితునితో కలిసి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. 1940లో లెడర్లీ మందుల సంస్థలో ఉద్యోగిగా చేరిరి. 1948లో మరణించులోపల, ఆయన నడిపిన పరిశోధకబృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. బోదకాలు వ్యాధికి మందు నిచ్చినది. కొలత నేర్చినవారి చేతులలో మందు పుట్టినది.

కావున పెద్దలకొక విన్నపము. మన పిల్లలు హోసూరుకో, బెంగుళూరుకో, హైదరాబాదుకో పోయి ఇట్టి ఉద్యోగములలో చేరుచున్నారు. సరకు త్వరగా పోవలెనని, పరీక్షింపకయే సంతకము చేయుమని ఎవరైనను తొందరపెట్టవచ్చును. క్రొత్తవానికి భయము సహజము. ఇంట అప్పుండును, చెల్లెలి పెండ్లి యుండును. అట్టి సమయమున “నేను సంతకము చేయను” అని మీ బిడ్డ చెప్పి, ఆ కారణమున ఉద్యోగము పోగొట్టుకొని ఇల్లు చేరినచో, అతనిని నిందింపకుడు. అన్నము పెట్టి ఆదరింపుడు. ఎక్కడనో ఒక తల్లి ఒడిలోని బిడ్డను అతడు కాపాడియుండును.

సెలవు.