చిలుము పట్టిన ఆటయంత్రము



1989లో నింటెండో సంస్థ వెలువరించిన గేమ్‌బాయ్ అను ఆటయంత్రము నాలుగు బ్యాటరీలతో నడచును. ఆల్కలైన్ బ్యాటరీలను తీయక ఏండ్లకొలది దాచినచో, వానినుండి పొటాషియం హైడ్రాక్సైడు అను క్షారము కారి లోహపు స్ప్రింగులను తినివేయును. యంత్రమే చెడినదని మనము పారవేయుదుము. చెడినది తరచు ఆ స్ప్రింగు మాత్రమే.

ఇత్తడి బిందెల చిలుమును చింతపండుతో వదలించుట మన యిండ్ల విద్యయే. ఇచ్చటను పులుపే మందు. కాని చింతపండు జిగురు లోపల నిలుచును గనుక వినెగారు మేలు. బ్యాటరీలు తీసి, చేతొడుగులు ధరించి, దూదిపుల్లను వినెగారులో తడిపి తుడువవలెను. పిమ్మట ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి పూర్తిగా ఆరనీయవలెను. గరుకుకాగితముతో రుద్దరాదు, నికెల్ పూత లేచిపోయి తుప్పు మరల త్వరగా పట్టును.

ఎత్తిపెట్టు యంత్రమున బ్యాటరీ ఉంచకుందము. పారవేయుటకు ముందు ఒకసారి మూత తీసి చూతము.