రాకెట్టు బిగించు యంత్రములు: పాతవి, క్రొత్తవి
(ప్రసంగ పాఠము)



వీణ వాయించు విద్వాంసునకు సభలో కరతాళధ్వనులు లభించును. ఆ వీణకు తంతులు కట్టి, బిరడలు సరిచూచి, శ్రుతి నిలుచునట్లు చేసిన వానిని సభ యెరుగదు. టెన్నిసు క్రీడయందును అట్టి అజ్ఞాత వ్యక్తి యొకడు కలడు. ఆటగాని చేతిలోని రాకెట్టునకు తంతిని అల్లి బిగించువాడే అతడు. భారతదేశమున ఈ పనిని వాడుకలో గట్టింగు అందురు. బంతిని తాకునది ఆటగాని చేయి కాదు, రాకెట్టు చట్రమును కాదు, తంతులు మాత్రమే. వాని బిగువు సరిగా లేనిచో ఎంతటి నేర్పరి కొట్టిన దెబ్బయైనను గురి తప్పును.

ఈ బిగువును కొలిచి యిచ్చు యంత్రములపై ప్రత్యేకాభిమానము గలవారు అనేక దేశములందున్నారు. వారు పాత యంత్రములను వెదకి తెచ్చి, తుప్పు వదల్చి, నూనె వేసి, మరల పనిచేయింతురు. క్రొత్త విద్యుద్యంత్రముల మర్మమును గూడ అంతే శ్రద్ధతో గ్రహింతురు. పాతది మేలా, క్రొత్తది మేలా అను వాదము వారిలో నేటికిని తెగలేదు. ఆ వాదమందలి సారమును విచారించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

1874లో ఇంగ్లండున వాల్టర్ వింగ్‌ఫీల్డు పచ్చికమైదానపు టెన్నిసునకు పేటెంటు పొందెను. మరుసటి యేడు ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున పియేర్ బబోలా రాకెట్లకు తగిన ప్రేగుతంతిని తయారుచేసెను. సంగీతవాద్యములకు ప్రేగుతంతులు చేయుట ఆ యింటివారికి అంతకుముందే పరిచితమైన వృత్తి. రాకెట్టు తంతియు, ఫిడేలు తంతియు ఒక్క యింటి బిడ్డలనిన తప్పు లేదు.

ఆ దినములలో బిగువు చేతిబలముపై ఆధారపడి యుండెను. పనివాడు రాకెట్టును కదలకుండ నిలిపి, తంతిని కొయ్యముక్కకు చుట్టి, ఒంటి బలముతో లాగును. అది జారకుండ రంధ్రమున ఆరెను దూర్చి అదిమిపెట్టి, తరువాతి వరుసకు పోవును. నిలువు వరుసలు పడుగు, అడ్డువరుసలు పేక. మగ్గమెరిగిన వారికి ఈ అల్లికను వేరుగా వివరింప నక్కరలేదు. నేర్పరియైనవాడు తంతిని వ్రేలితో మీటి, ధ్వనిని బట్టి బిగువును గుర్తించును. బిగువు హెచ్చినకొలది శ్రుతి హెచ్చును గదా! కాని ఉదయమున లాగిన చేయి సాయంకాలమునకు అలసిపోవును. అందువలన ఒకే పనివాడు బిగించిన రెండు రాకెట్లు ఒక్క తీరున నుండుట దుర్లభము.

ఈ లోపమును తీర్చుటకు వచ్చిన యంత్రములలో మిక్కిలి సరళమైనది బరువు దిగు యంత్రము. తంతి కొనను ఒక దవడ పట్టుకొనును. ఆ దవడకు కూర్చిన ఇనుపకడ్డీపై జరుపుటకు వీలగు ఒక బరువుండును. బరువును కడ్డీ చివరకు జరిపినకొలది లాగుడు పెరుగును. కడ్డీని మెల్లగా విడిచినపుడు అది దిగి భూమికి సమాంతరముగా నిలిచినచో, కోరిన బిగువు తంతికి అందినట్లే. సంతలో తూనికకోలను చూచినవారికి ఈ సూత్రము వెంటనే బోధపడును. ఇందు విద్యుత్తు లేదు, స్ప్రింగు లేదు. తంతి సాగినచో కడ్డీ మరికొంత దిగునే గాని లాగుట మానదు. కడ్డీ పది డిగ్రీలు వంగి నిలిచినను బిగువులో నష్టము నూటికి రెండు పాళ్లకు మించదు. దీని లోపమెల్ల ఆలస్యమే. కడ్డీ సరిగా నిలువనప్పుడు మరల ఎత్తి, తంతిని సవరించి, మరల దింపవలెను. ఓర్పు లేనివానికి ఇది పనికిరాదు.

రెండవ జాతి చేపిడి యంత్రములు. 1953లో ఈటెను 80 మీటర్లకు పైగా విసరి ప్రపంచరికార్డు నెలకొల్పిన అమెరికా క్రీడాకారుడు బడ్ హెల్డు, 1964లో శాన్‌డియేగో నగరమున ఎక్టెలాన్ సంస్థను స్థాపించి ఇట్టి యంత్రములను నిర్మించెను. చేపిడిని త్రిప్పగా దవడ పట్టాలపై వెనుకకు జరుగును. లోపలి స్ప్రింగు నిర్ణీతమైన బిగువునకు చేరగనే టక్కుమని తాళము పడును. పని శీఘ్రముగా సాగును. ఎక్టెలాన్ సంతతికి చెందిన నియోస్ 1000 తరువాత ప్రిన్స్ పేరుతో దశాబ్దములపాటు దుకాణములయందు సేవచేసెను. అయితే తాళము పడిన పిదప ఈ యంత్రము లాగదు. తంతి తనంత తాను సాగి, కొంత బిగువును కోల్పోవును. కావున ఒకే అంకెను పెట్టినను దీనిపై బిగించిన రాకెట్టు, బరువు దిగు యంత్రముపై బిగించిన దానికన్న కొంచెము మెత్తగా నుండును. ఈ భేదము తెలియనివాడు యంత్రమును నిందించును. తెలిసినవాడు అంకెను సవరించుకొనును.

బిగించునపుడు చట్రము పడు శ్రమ సామాన్యమైనది కాదు. 16 నిలువు వరుసలను 55 పౌండ్ల చొప్పున బిగించినచో లెక్కకు 880 పౌండ్లు, అనగా సుమారు 400 కిలోల లాగుడు ఆ చిన్న వలయముపై పడును. నిలువు తంతులు మాత్రమే బిగిసియున్నపుడు వలయము పొడవు తగ్గి వెడల్పగుటకు చూచును. అడ్డుతంతులు దానిని మరల రూపమునకు తెచ్చును. నడుమ ఆధారము చాలనిచో చట్రము వంగును, లేక విరుగును. 1976లో ప్రిన్స్ సంస్థ పెద్ద తల గల రాకెట్టును విపణికి తెచ్చిన పిదప, కొయ్య చట్రముల స్థానమును లోహమును గ్రాఫైటును ఆక్రమించిన పిదప, చట్రమును ఆరు చోట్ల పట్టి నిలుపు యంత్రములకు ఆదరణ హెచ్చెను.

తంతికెంత శక్తి గలదో 1977లో లోకమునకు తేటతెల్లమయ్యెను. ఆ యేడు ఫ్రాన్సులోని ఏ-ఆన్-ప్రొవాన్సులో ఇలీ నస్టాసీ రెండు పొరల తంతులు గల వింత రాకెట్టుతో ఆడి, మట్టికోర్టులపై వరుసగా 53 విజయములు సాధించిన గిల్యెర్మో విలాసు జైత్రయాత్రను ఆపెను. ఒకదానితో నొకటి అల్లుకొనని ఆ తంతులు జారి తిరిగి వచ్చుచు బంతికి విపరీతమైన తిరుగుడు నిచ్చెను. అంతర్జాతీయ టెన్నిసు సంఘము వెంటనే దానిని నిషేధించి, 1978లో తంతులు ఒకదానితో నొకటి అల్లబడి యుండవలెనని నియమము చేసెను. ఆటగాడు మారలేదు, బంతి మారలేదు. అల్లిక మారినంతనే ఆట మారిపోయెను.

మూడవ జాతి విద్యుద్యంత్రములు. ఇందు మోటారు లాగును. బిగువును కొలుచు సాధనము ఎడతెగక కనిపెట్టియుండును. తంతి సాగి బిగువు తగ్గినచో మోటారు మరల లాగును. ముడివేయు వరుసలో కొంత బిగువు పోవును గావున అచ్చట మాత్రము కొంచెము హెచ్చుగా లాగు ఏర్పాటు కూడ ఇట్టి యంత్రములలో అనేకమునందు కలదు. 1997లో గుస్తావో కుయెర్తెన్ పాలియెస్టరు తంతితో ఫ్రెంచి టోర్నమెంటును గెలిచిన పిమ్మట ఆ గట్టి తంతులకు వ్యాప్తి కలిగెను. పెద్ద పోటీలలో మొదట 7 గేములకు, అటుపై ప్రతి 9 గేములకు బంతులు మార్తురు. అనేకులు ఆ వేళకే రాకెట్టును గూడ మార్చుకొందురు. అట్టి గిరాకీకి వేగమును, సమత్వమును గల యంత్రమే శరణ్యము.

ఇక వాదమునకు వత్తము. పాత యంత్రముల అభిమాని, “భూమ్యాకర్షణకు మరమ్మతు అక్కరలేదు” అనును. క్రొత్త యంత్రముల అభిమాని, “నూరవ రాకెట్టు మొదటి దానివలెనే యుండవలదా?” అనును. ఇరువురి మాటయందును సత్యము కలదు. కాని ఇరువురును అంగీకరించు సత్యము మరియొకటి కలదు: యంత్రముపై కనబడు అంకె లాగిన బిగువునే తెలుపును, రాకెట్టులో నిలిచిన బిగువును కాదు. క్లాంపు జారుట వలనను, ముడి వదులగుట వలనను, తంతి స్వభావము వలనను అది తగ్గుచునే యుండును. స్ప్రింగు అలసినచో చేపిడి యంత్రము అబద్ధమాడును; సరిచూడనిచో విద్యుద్యంత్రమును అబద్ధమాడును. అందువలన మంచి పనివాడు స్ప్రింగుకాటాను దవడకు తగిలించి అప్పుడప్పుడు యంత్రమును పరీక్షించును.

ఈ సత్యసంధత వలన ఎవరికి లాభము? బియోర్న్ బోర్గు తన కొయ్యరాకెట్టును సుమారు 80 పౌండ్ల బిగువుతో కట్టించుకొనెడివాడు. ఆ తంతులు రాత్రివేళ తమంత తామే తెగుచుండెడివి. అది అతని కోరిక, అతని చేతికి తగినది. సామాన్యుడు 50 పౌండ్లు కోరగా యంత్రదోషమున 60 పౌండ్లు పడినచో, బంతి అదటు మోచేతికి హెచ్చుగా తగులును. నొప్పి పుట్టినపుడు అతడు తన వయస్సును నిందించుకొనునే గాని, కాటా చూడని యంత్రమును అనుమానింపడు.

కొయ్యరాకెట్ల కాలమున 1960, 1961లలో రామనాథన్ కృష్ణన్ వింబుల్డన్ సెమీఫైనలునకు చేరెను. 2015లో హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా, మార్టినా హింగిసుతో కలసి అచ్చటనే డబుల్సు గెలిచెను. ఈ రెంటి నడుమ చట్రము మారెను, తంతి మారెను, యంత్రము మారెను. ప్రతి వరుసను ఒక్క తీరున లాగవలెనను ధర్మము మాత్రము మారలేదు.

ప్రభుత్వోద్యోగుల క్రీడాసంఘములలో పాత వస్తువులను కండెం పట్టికలో చేర్చుట వాడుక. ఎక్కడనైనను పాత గట్టింగు యంత్రము అట్టి పట్టికకెక్కినచో, సంతకము చేయుటకు ముందు ఒక్కమారు కాటా తగిలించి చూచుట న్యాయము. సరిగా లాగుచున్నచో దానికి కాలము తీరలేదని యర్థము. నూనె వేసి, ఒక యువకునకు అప్పగించి, తెలిసిన పెద్దను ప్రక్కన కూర్చుండబెట్టినచో యంత్రముతోపాటు విద్యయు నిలుచును. యంత్రమును తూకమునకు అమ్మిన కొన్ని రూకలు వచ్చును. దాని నడపు చేతితీరు ఒకసారి పోయిన ఏ ధరకును తిరిగి రాదు.