మౌనం సమ్మతి కాదు
(సంగారెడ్డిలో జరిగిన కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగం)

 

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కర్మాగారాలలో షిఫ్టుల వారీగా పనిచేసే కుటుంబాలు మనవి. అందరం ఒకచోట చేరే వీలు లేక రాత్రిపూట ఫోనులో వాయిస్ చాట్ సమావేశాలు జరుపుకుంటున్నాం. వాటిలో మేము చేసిన ఒక తప్పును ముందుగా ఒప్పుకుంటున్నాం.

ఆ రోజు పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులపై చర్చ. ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవ చుట్టూ తిరిగినవారు తల్లులు. మాట్లాడినవారు మాత్రం పురుషులు. ఒక సోదరి మొదలుపెట్టి, తగిన మాట కోసం క్షణం ఆగారు. అంతలోనే ఒక సోదరుడు అందుకున్నారు. ఆమె మైకు ఆపేశారు. మేము వారించలేదు. చివర "అందరికీ సమ్మతమేనా?" అని అడిగి, నిశ్శబ్దాన్ని సమ్మతిగా రాసుకున్నాం. కొందరు పిల్లల బ్యాంకు ఖాతాలకు ఆధార్ అనుసంధానం కాలేదని ఆమె చెప్పబోయారట. ఆ సంగతి దరఖాస్తులు తిరిగి వచ్చాక తెలిసింది.

1975లో అమెరికా పరిశోధకులు జిమ్మర్‌మన్, వెస్ట్ స్త్రీపురుషుల సంభాషణలను రికార్డు చేసి పరిశీలించారు. మాటకు అడ్డుపడిన 48 సందర్భాలలో 46 పురుషులవే. తరువాతి అధ్యయనాలన్నీ ఇంత తేడా చూపలేదు గానీ, మన అనుభవం మన ముందే ఉంది. ఎదురెదురుగా కూర్చుంటే మన స్త్రీలు "ఊఁ", "హాఁ ఆపా" అంటూ ఒకరి మాటకు ఒకరు ఊతమిస్తారు. ఫోనులో మిగతా మైకులన్నీ మూసి ఉంటాయి. ఆ ఊత వినబడదు, ముఖం కనబడదు. మాట్లాడే ఆమెకు గోడతో చెప్పుకున్నట్లుంటుంది.

భయమూ ఉంది. 'సుల్లీ డీల్స్', 'బుల్లీ బాయి' పేర్లతో ముస్లిం మహిళల ఫోటోలను వేలానికి పెట్టినట్లు చూపిన దుర్మార్గం మరువలేనిది. 2022 జనవరిలోనే క్లబ్‌హౌస్ వాయిస్ చాట్‌లోనూ వారి గురించి అసభ్యంగా మాట్లాడారు. ఢిల్లీ మహిళా కమిషన్ పోలీసులకు నోటీసు ఇచ్చింది, ముంబయి పోలీసులు అరెస్టులు చేశారు. మాటతో స్త్రీ మర్యాదను అవమానించడం భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద నేరం. షీ టీమ్స్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

"అందుకే స్త్రీలు మాట్లాడకపోవడమే మేలు" అనే పెద్దలున్నారు. వారికి సవినయంగా గుర్తుచేస్తున్నాం: ఖుర్ఆన్ 58వ సూరా పేరు 'ముజాదలా'. భర్త విషయమై దైవప్రవక్త (స) ఎదుట వాదించిన ఒక స్త్రీ మొరను అల్లాహ్ ఆలకించాడన్న ప్రస్తావనతోనే అది మొదలవుతుంది.

కనుక ఇకపై మన సమావేశాలలో పేరు పిలిచి వంతు ఇద్దాం. మొదటి వంతు సోదరీమణులది. ఒకరు ఆగినా, "అయిపోయింది" అనేవరకు మరొకరు అందుకోరాదు. అనుమతి లేకుండా రికార్డు చేయరాదు. మాట్లాడలేనివారు రాసి పంపితే చదివి వినిపిద్దాం. ఒక్కొక్కరి అభిప్రాయం అడగకుండా తీర్మానం రాయకూడదు.

చట్టసభలలో మన గొంతు వినబడటం లేదని వాపోయే మనం, మన ఇంటి గొంతును మూయరాదు. న్యాయం అడిగే హక్కు న్యాయం చేసేవారికే నిలుస్తుంది.