మైదానంలో ఫ్యూరియా

అర్జెంటీనాలోని రొసారియో నగరం ఫుట్‌బాల్ దిగ్గజం మెస్సీ పుట్టినూరు. కొడుకు బంతి తన్నితే మురిసిపోయే ఆ ఊళ్లో పదిహేడేళ్ల కమీలా మాత్రం ఇంట్లో తెలియకుండా ఫుట్‌బాల్ ఆడాలి.

యామిలే సయీద్ మెండెజ్ నవల ‘ఫ్యూరియా’ ఈ అమ్మాయి కథే. 2020లో వెలువడింది. తండ్రి కోపానికి ఇంట్లో నోరు మెదపని పిల్ల మైదానంలో చెలరేగిపోతుంది. ఆమె జట్టు దక్షిణ అమెరికా టోర్నీకి అర్హత సాధిస్తుంది. ఆడాలంటే అమ్మానాన్నల సంతకం కావాలి!

ఇంతలో చిన్ననాటి నేస్తం డియేగో ఇటలీ క్లబ్బు యువెంటస్ ఆటగాడై తిరిగొస్తాడు. ప్రేమ చిగురిస్తుంది. తనతో ఇటలీ వచ్చెయ్యమంటాడు. ఆమె కలేమో అమెరికా విశ్వవిద్యాలయంలో క్రీడా స్కాలర్‌షిప్. మనసులో ప్రేమ ఉన్నా, కమీలా ఆటనే ఎంచుకుంటుంది.

రచయిత్రి కూడా రొసారియోలోనే పుట్టి పెరిగారు. 2021లో ఈ నవలకు పురా బెల్ప్రే పురస్కారం దక్కింది. ఆటలాడే ఆడపిల్ల మీ ఇంట్లో ఉంటే, ఆమెతో కలిసి చదవండి.