సొంత కుంటలో చేపపిల్లలు



కుంటలో నీరు చేరగానే చేపపిల్లలను తెచ్చి వదలాలని తొందరపడకండి. లోపల కొర్రమీను, వాలుగ ఉన్నాయంటే మీరు డబ్బుపెట్టి కొన్న పిల్లలు వాటికి మేత అవుతాయి. ముందు నీరు తోడించి వాటిని పట్టించండి. తోడించడం వీలుకాకుంటే మీటరు లోతు నీటికి ఎకరానికి సుమారు 1,000 కిలోల ఇప్పచెక్క నానబెట్టి చల్లించి, మూడు వారాలు ఆగండి.

ఆ తరువాత నాలుగంగుళాల పిల్లలు ఎకరానికి 2,000 చాలును. బొచ్చె 800, శీలావతి 600, ఎర్రమోసు 600. బొచ్చె పైనీటిలో, శీలావతి నడుమ, ఎర్రమోసు అడుగున మేస్తాయి గనుక తిండికి పోటీ తక్కువ. చల్లపూట సంచిని పావుగంట నీటిపై తేలనిచ్చి, మూతి విప్పి, పిల్లలను వాటంతట అవే ఈదిపోనివ్వండి.

ఒక్కమాట. ఎక్కువ పిల్లలు వదిలినంత మాత్రాన ఎక్కువ రాబడి రాదు. చేప ఎదగదు, సంతలో ధర పలకదు.